ఈక్యూ మౌంట్ ఊగుతోందా, పట్టేస్తోందా? విప్పే ముందు చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేవి మూడే. "ముట్టుకుంటే చాలు బొమ్మ ఊగిపోతోంది", "నాబ్ తిప్పుతున్నా చుక్క కదలట్లేదు", "ఒకచోటికి వచ్చేసరికి బిగుసుకుపోతోంది". 114/900 గానీ 130/650 గానీ (అద్దం వెడల్పు/ఫోకల్ దూరం, ఎంఎంలలో), ఈక్యూ1 లేదా ఈక్యూ2 మౌంట్ (ఈక్వటోరియల్, అంటే ధ్రువ నక్షత్రం వైపు వంచి పెట్టే స్టాండు) మీద వచ్చే స్కోపుల గురించే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మనదగ్గర మొదటి స్కోపుగా ఎక్కువమంది చేతిలో పడేవి ఇవే. వేరే మౌంట్ అయినా చూసే వరస ఇదే.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: కింది నుంచి పైకి రండి, గేర్ ఆఖరు. నేను నా మొదటి మౌంట్‌కి సరిగ్గా దీనికి ఉల్టా చేశా. ఊగుతోందని డాబా మీదే కూర్చుని వార్మ్ గేర్ (మర లాంటి కడ్డీ, అది తిప్పే పళ్ల చక్రం) విప్పేసి, ఒక వాషర్ పిట్టగోడ పక్క నీళ్ల గొట్టంలోకి పోగొట్టుకుని, రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది ట్రైపాడ్ కింద బోల్టు సగం చుట్టు లూజుగా ఉందని. అంతే, సగం చుట్టు!

1. ముందు రోగం ఏంటో తేల్చుకోండి

పగలు చేయండి ఈ పని, ఇంట్లోనే. బయట చేస్తుంటే ట్యూబ్‌కి మూత పెట్టే ఉంచండి, పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకండి. ఫైండర్ (గురి చూసే చిన్న స్కోప్) మూత కూడా.

స్కోప్ మొత్తం బిగించి, ఇంకొకళ్లని ట్యూబ్ చివర మెల్లగా తట్టమనండి. వాళ్లు తడుతుంటే మీరు ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టండి, వేలు సగం ఇటు భాగం మీద సగం అటు భాగం మీద ఉండేలా. రెండు భాగాలూ కలిసి కదిలితే ఆ జాయింట్ బాగున్నట్టే. ఒకటి కదిలి ఇంకోటి ఆగితే దొంగ అక్కడే ఉన్నాడు. ట్రైపాడ్ కాళ్ల దగ్గర మొదలుపెట్టి ట్యూబ్ రింగుల దాకా రండి, పది నిమిషాలు చాలు.

లక్షణాన్ని బట్టి ఎటు వెళ్లాలో:

- తట్టాక బొమ్మ నాలుగైదు సెకన్లు ఊగుతూనే ఉంటే: 3, 4
- స్కోప్ దానంతటదే కిందికి జారిపోతుంటే: 5
- కేబుల్ నాబ్ (స్కోప్‌ని మెల్లగా కదిపే పొడుగు కేబుల్ చివరి పిడి) తిరుగుతోంది కానీ ఏమీ కదలట్లేదంటే: 6
- తిప్పడం మొదలుపెట్టాక కాసేపటికి గానీ కదలట్లేదంటే, అటూ ఇటూ టక్ టక్ అంటుంటే: 7
- బిగుతుగా, జిగురు పట్టినట్టు తిరుగుతుంటే: ముందు 7, తర్వాత 8
- అన్నీ బాగున్నా చుక్క పైకో కిందికో జారిపోతుంటే: 4లో కోణం సంగతి

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- అలెన్ కీ సెట్ (ఎంఎం సైజులవి, 1.5 నుంచి 6 వరకు)
- స్టార్ స్క్రూడ్రైవర్ చిన్నది ఒకటి, పెద్దది ఒకటి
- స్పానర్లు రెండు మూడు సైజులు, లేకపోతే మంచి అడ్జస్టబుల్ స్పానర్
- వైట్ లిథియం గ్రీజు చిన్న ట్యూబ్
- కిరోసిన్ గానీ పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ గానీ, పాత టూత్‌బ్రష్, పాత బనియన్ గుడ్డ
- మార్కర్ పెన్, ఫోన్
- ఇడ్లీ ప్లేటు

ఇడ్లీ ప్లేటు నవ్వులాటకి చెప్పలేదండి. విప్పిన స్క్రూలు, వాషర్లు ఒక్కో గుంటలో వరసగా వేసుకుంటూ పోతే తిరిగి బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. చిల్లులు లేని ప్లేటు తీస్కోండి, పని అయ్యాక బాగా తోమి పెట్టండి, లేకపోతే ఇంట్లో వేరే రిపేర్లు వస్తాయి.

పొద్దస్తమానం వాడే నీలం డబ్బా స్ప్రే, అదే డబ్ల్యూడీ-40, తుప్పు పట్టిన బోల్టు కదలడానికి పనికొస్తుంది గానీ గేర్‌కి గ్రీజు బదులు అది కొట్టకండి. ఉన్న గ్రీజుని కరిగించి, తర్వాత అదీ ఆరిపోతుంది. కొబ్బరి నూనె అయితే ఇంకా ఘోరం, కొన్నాళ్లకి బంకై కూర్చుంటుంది.

3. ట్రైపాడ్: సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి

కాళ్లు పైన తలకి కలిసేచోట ఒక్కో కాలికి ఒక బోల్టు ఉంటుంది. బిగుతు ఎంత ఉండాలంటే, కాలు సగం తెరిచి వదిలేస్తే అలాగే నిలబడాలి, దబ్బున పడకూడదు. పడిందంటే లూజే. మూడు కాళ్లూ ఒకేలా బిగించండి.

తర్వాత మధ్యలో ట్రే. చాలామంది ఐపీస్‌లు (కన్ను ఆనించి చూసే కటకాలు) పెట్టుకునే పళ్లెం అనుకుని పక్కన పడేస్తారు, నిజానికి కాళ్లు విచ్చుకోకుండా, మెలితిరక్కుండా పట్టి ఉంచేది అదే. కచ్చితంగా బిగించాలి.

కాళ్లు పొడుగు చేసే ప్లాస్టిక్ స్క్రూలని బలం కొద్దీ తిప్పకండి, చీలిపోతాయి. అసలు కాళ్లు లాగకుండానే వాడండి, స్టూలు వేసుకుని కూర్చుని చూడండి. పూర్తిగా లాగిన కాళ్ల మీద ఏ చిన్న మౌంటూ నిలబడదు, కాళ్లు లోపలికి తోసేస్తే మాత్రం అదే మౌంటా అనిపిస్తుంది.

ఇంకా ఊగుతుంటే చేయగలిగినవి:

- ట్రే కింద అయిదు లీటర్ల నీళ్ల క్యాన్ తాడుతో వేలాడదీయండి, నేలకి కాస్త తగిలీ తగలనట్టు. గాల్లో ఊయలలా ఊగితే మాత్రం లాభం లేదు.
- కాళ్ల కింద పాత హవాయి చెప్పు కోసి ముక్కలు పెట్టండి. డాబా మీద అయితే ఇది బాగా పనిచేస్తుంది.
- అల్యూమినియం కాళ్లు లోపల డొల్లగా ఉంటే బాగా ఎండిన సన్నటి ఇసుక నింపి మూతి మూసేయొచ్చు. తడి ఇసుక వద్దు. కాలు పొడుగు చేసే లోపలి గొట్టం జోలికి పోకుండా ఉండే డిజైన్ అయితేనే.

స్లాబ్ మీద పక్కన ఎవరైనా నడిచినా 90 రెట్ల మాగ్నిఫికేషన్‌లో శని గ్రహం డాన్స్ చేస్తుంది, దానికి మౌంట్‌ని తిట్టుకోకండి. గోడకో పిల్లర్‌కో దగ్గరగా పెడితే తగ్గుతుంది, స్లాబ్ మధ్యలో ఎక్కువ.

4. మౌంట్ తల, కోణం బోల్టులు

ట్రైపాడ్ కింది నుంచి పైకి తలలోకి పోయే పెద్ద బోల్టు ఒకటి ఉంటుంది, నా కథలో విలన్ అదే. చేత్తో గట్టిగా బిగించండి. తల కుడి ఎడమలకి ఆడుతోందంటే ఇది, లేదా పక్కనుండే అజిమత్ లాక్ (తల పక్కలకి తిరగకుండా పట్టేది).

తల పైకీ కిందికీ తలూపుతోందంటే కోణం జాయింట్ లూజు. అక్కడ పక్క నుంచి అడ్డంగా పోయే బోల్టు-నట్టు ఒకటి, కోణాన్ని తోసి పట్టుకునే టీ ఆకారం బోల్టు ఒకటో రెండో ఉంటాయి. ట్యూబ్, బరువులు (ట్యూబ్‌కి ఎదురుగా కడ్డీ మీద ఉండేవి) తీసేశాకే వీటిని ముట్టుకోండి, లేకపోతే తల ఒక్కసారిగా పడి వేళ్లు నలుగుతాయి. అడ్డం బోల్టు కొంచెం వదులు చేసి, టీ బోల్టుతో కోణం పెట్టి, మళ్లీ అడ్డం బోల్టు బిగించాలి. ఈ ఆఖరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కోణం అంటే మీ ఊరి అక్షాంశం. తిరుపతి 13.6, అనంతపురం 14.7, కర్నూలు 15.8, విజయవాడ 16.5, హైదరాబాద్ 17.4, విశాఖ 17.7, వరంగల్ 18, ఆదిలాబాద్ 19.7. మౌంట్ మీద స్టిక్కర్ స్కేలు ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపిస్తే కంగారు పడకండి, కంటితో చూడ్డానికి ఆ తేడా ఏం చేయదు.

అసలు గొడవ ఏంటంటే ఈ మౌంట్లు మనలాంటి తక్కువ అక్షాంశాల్ని మనసులో పెట్టుకుని చేసినవి కావు. డల్లాస్‌లో ఉండే మన తెలుగువాళ్లు 33 డిగ్రీలు పెట్టుకుంటారు, హాయిగా కూర్చుంటుంది. మనం 14, 15కి దించేసరికి మూడు సమస్యలు వస్తాయి.

ఒకటి, టీ బోల్టు పిడి దేనికో తగిలి తల అంతకన్నా కిందికి దిగదు. ఆ బోల్టు విప్పి హార్డ్‌వేర్ షాపుకి తీస్కెళ్లి అదే మరతో పొట్టిది, మామూలు తల ఉన్నది అడగండి, సైజు నోటితో చెప్పొద్దు, బోల్టే చూపించండి. అదీ కుదరకపోతే ఉత్తరం వైపు కాలు కొంచెం పొట్టి చేయండి, ట్రైపాడే మూడు నాలుగు డిగ్రీలు ఉత్తరానికి వంగుతుంది, లోటు పూడుతుంది. అంతకన్నా ఎక్కువ వంచితే బోర్లా పడే ప్రమాదం.

రెండు, బరువులున్న కడ్డీ కిందికి వేలాడినప్పుడు ఉత్తరం కాలికి కొట్టుకుంటుంది. ఇది చూసి "ఆర్ఏ పట్టేసింది" (ఆర్ఏ అంటే తూర్పు-పడమరలకి తిప్పే ఇరుసు) అనుకుని బలంగా తిప్పి గేర్ పాడుచేసుకున్నవాళ్లున్నారు. మామూలుగా ఒక కాలు ఉత్తరానికి పెట్టమంటారు కదా, కొట్టుకుంటుంటే ట్రైపాడ్‌ని 60 డిగ్రీలు తిప్పి రెండు కాళ్లు ఉత్తరం వైపు వచ్చేలా పెట్టండి, బరువు ఆ రెండింటి మధ్య నుంచి ఊగుతుంది.

మూడు, ధ్రువ నక్షత్రం. హైదరాబాద్‌లో అది ఆకాశంలో 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఎదురింటి వాటర్ ట్యాంక్ వెనకాలో, దుమ్ములోనో పోతుంది. ఫోన్ కంపాస్ చాలు, మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీకి అటూ ఇటుగానే ఉంటుంది. కాకపోతే ఫోన్‌ని మౌంట్‌కి ఆనించి చూడకండి, ఇనుప బరువులు ముల్లుని లాగేస్తాయి. రెండు మూడు అడుగులు దూరంగా నిలబడి దిక్కు పట్టుకుని, నేల మీద చాక్‌పీస్‌తో గీత గీసుకోండి. ఒకసారి గీస్తే డాబా మీద ఎప్పటికీ పనికొస్తుంది, పెయింట్‌తో అయితే ఇంకా మంచిది, ఇంటి ఓనరు ఒప్పుకుంటే.

5. బ్యాలెన్స్

రిపేరు అనుకుని వచ్చేవాటిలో ఇదొక పెద్ద వాటా. వరస ఇదీ:

1. ముందు బరువులు ఎక్కించండి, కడ్డీ చివర ఆపే స్క్రూ తప్పకుండా పెట్టండి. అది లేకపోతే బరువు జారి కాలి మీద పడుతుంది.
2. తర్వాత ట్యూబ్. విప్పేటప్పుడు ఉల్టా, ముందు ట్యూబ్, తర్వాత బరువులు.
3. ఫైండర్, మీరు ఎక్కువ వాడే ఐపీస్ పెట్టేయండి.
4. కడ్డీ నేలకి సమాంతరంగా ఉంచి, ఒక చేత్తో ట్యూబ్ పట్టుకుని ఆర్ఏ లాక్ వదలండి. ఎటు దిగితే దాన్నిబట్టి బరువు జరపండి, వదిలేసినా కదలకుండా ఉండేదాకా.
5. ఆర్ఏ బిగించి డెక్ (ఉత్తర-దక్షిణాలకి తిప్పే ఇరుసు) లాక్ వదలండి. రింగులు కొంచెం వదులు చేసి ట్యూబ్‌ని ముందుకో వెనక్కో జరపండి.

లాక్ వదిలినా కదలట్లేదు కాబట్టి బ్యాలెన్స్ అయిపోయింది అనుకోకండి, గ్రీజు జిగురుకి కూడా అలా నిలబడుతుంది. వేలితో అటొకసారి ఇటొకసారి తోయండి, రెండువైపులా ఒకేలా కదలాలి.

6. కేబుల్స్, లాకులు

త్వరగా చెప్పేస్తా. లాక్ వదులుగా ఉన్నప్పుడు స్లో మోషన్ నాబ్ (కేబుల్ నాబే) తిప్పితే ఏమీ కదలదు, ముందు లాక్ బిగించండి. లాక్ బిగించి ఉన్నప్పుడు ట్యూబ్‌ని చేత్తో తొయ్యకండి, గేర్ అరిగేది అందుకే.

కేబుల్ జారుతుంటే దాని మెడ దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది. మౌంట్ నుంచి బయటికి వచ్చిన కడ్డీకి ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది, స్క్రూ సరిగ్గా ఆ చదును మీద కూర్చోవాలి. గుండ్రటి వైపు బిగిస్తే రెండు రోజులకే మళ్లీ జారుతుంది.

కొన్ని మౌంట్లలో స్లో మోషన్‌కి హద్దు ఉంటుంది, చివరికి రాగానే ఆగిపోతుంది. అది పట్టేయడం కాదు. వెనక్కి తిప్పి మధ్యకి తెచ్చుకుని, లాక్ వదిలి స్కోప్‌ని చుక్క మీదకి తెచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

లాక్ నాబ్ పూర్తిగా విప్పితే లోపల చిన్న ఇత్తడి ముక్కో ప్లాస్టిక్ ముక్కో రాలొచ్చు. పారేయకండి! స్క్రూ నేరుగా ఇరుసుని గీరకుండా ఉండడానికే అది పెట్టారు.

7. బ్యాక్‌లాష్ (గేర్‌లో ఉండే ఖాళీ): వార్మ్ గేర్ సర్దడం

ఇప్పుడు అసలు పని. ట్యూబ్, బరువులు తీసేయండి, కడ్డీ ఉంచండి. లాకులు బిగించి కడ్డీ చివర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. టక్ టక్ అంటోంది కదా, ఆ ఖాళీ ఎక్కడిదో మూడు రకాలుగా చూడాలి, ఎందుకంటే మూడింటికీ మందు వేరు.

- వార్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతోందా? కేబుల్ తగిలించే కడ్డీ చివర చూడండి. మీరు ఊపినప్పుడల్లా అది లోపలికీ బయటికీ వస్తుంటే, వార్మ్ చివర ఉండే నట్టు లేదా మర ఉన్న బిళ్ల కొంచెం బిగించాలి. ఎనిమిదో వంతు చుట్టు, చూడు, మళ్లీ ఎనిమిదో వంతు.
- వార్మ్ కదలకుండా చక్రం మాత్రం ఆడుతోందా? అయితే వార్మ్‌కీ చక్రానికీ మధ్య ఖాళీ. దీని సంగతి కిందే.
- ఇరుసు మొత్తం పైకీ కిందికీ ఊగుతోందా? ఆర్ఏ ఇరుసు చివర మూత కింద ఉండే నట్టు వదులైంది. వేలితో తిప్పితే ఇరుసు నున్నగా తిరగాలి, ఊపితే ఊగకూడదు, అంతవరకే బిగించండి.

వార్మ్-చక్రం ఖాళీ సర్దే పద్ధతి:

1. వార్మ్ ఉన్న చిన్న బ్రాకెట్‌ని పట్టుకున్న రెండు స్క్రూలు చూడండి. వాటి పక్కన సన్నటి గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) కూడా ఉంటే అవి తోసి పట్టుకునేవి.
2. ఏదైనా తిప్పేముందు స్క్రూ తల మీద, దాని పక్కన మార్కర్‌తో గీత పెట్టండి, ఫోటో తీయండి. పని చెడితే మళ్లీ మొదటికి రావచ్చు.
3. రెండు స్క్రూలూ సగం చుట్టు వదలండి. గ్రబ్ స్క్రూలు ఉంటే అవీ కొంచెం.
4. బస్ టికెట్ అంత పల్చటి కాగితం ముక్క వార్మ్‌కీ చక్రానికీ మధ్య పెట్టి, బ్రొటనవేలితో వార్మ్‌ని చక్రం వైపు నొక్కి, స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి.
5. నాబ్ తిప్పితే కాగితం బయటికి వచ్చేస్తుంది. ఆ కాగితం మందమే మీకు కావాల్సిన ఖాళీ.
6. ఇప్పుడు నాబ్‌తో చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. విసుగ్గా ఉంటుంది, తిప్పండి.

ఆరో మెట్టు దాటేసేవాళ్లే మళ్లీ వచ్చి "నిన్న బాగుంది ఈరోజు పట్టేసింది" అంటారు. ఈ ధరలో వచ్చే చక్రాలు అచ్చంగా గుండ్రంగా ఉండవు. ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు ఉంటుంది. బిగుతుగా ఉన్నచోట మార్కర్‌తో గుర్తు పెట్టి, అక్కడికి తెచ్చి మళ్లీ 3 నుంచి 5 చేయండి. అక్కడ నున్నగా తిరిగితే చాలు, మిగతాచోట కాస్త ఖాళీ ఉంటే ఉండనివ్వండి. సున్నా బ్యాక్‌లాష్ కోసం పాకులాడి మెత్తటి ఇత్తడి పళ్లు తినేయించుకోవడం కన్నా నాబ్ పావు చుట్టు ఖాళీతో బతకడమే నయం అని నా లెక్క.

ఆ పావు చుట్టుతో ఇబ్బంది లేకుండా ఉండాలంటే, చుక్కని మధ్యకి తెచ్చేటప్పుడు ఎప్పుడూ ఒకే దిక్కున తిప్పుతూ ఆపండి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ అదే దిక్కు నుంచి రండి. ఆర్ఏ ఎలాగూ పడమరకే తిప్పుతూ పోతాం కాబట్టి సమస్య ఎక్కువ డెక్‌లోనే తెలుస్తుంది.

8. పాత గ్రీజు తీసి కొత్తది పెట్టడం

7 చేశాక కూడా అంతటా ఒకేలా బరువుగా తిరుగుతుంటేనే ఇది. ఒకచోటే బిగుతు అయితే గ్రీజు తప్పు కాదు.

ఫ్యాక్టరీలో పెట్టే గ్రీజు కొన్నిటిలో బబుల్‌గమ్‌లా సాగుతుంది. మామూలు రోజుల్లో నడుస్తుంది గానీ లంబసింగి లాంటి చోటికి డిసెంబర్‌లో తీస్కెళ్తే చేతికి నొప్పి పుట్టిస్తుంది.

నేల మీద పాత దుప్పటి పరిచి కూర్చోండి, రాలిన స్క్రూ దొర్లదు. ఒక ఇరుసు పూర్తిగా అయ్యాకే రెండోది విప్పండి, రెండూ ఒకేసారి విప్పితే ఏ వాషర్ దేనిదో తెలీదు. పల్చటి నైలాన్ వాషర్లు గ్రీజులో అతుక్కుని కనపడవు, గుడ్డతో తుడిచి పారేసే ముందు చూస్కోండి.

- లోహం భాగాలు: కిరోసిన్ లేదా టర్పెంటైన్, టూత్‌బ్రష్. కిటికీలు తెరిచి, స్టవ్‌కి దూరంగా.
- ప్లాస్టిక్ భాగాలు: గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చటి నీళ్లు, అంతే.
- అంకెలున్న డయల్స్: తడిగుడ్డ మాత్రమే. థిన్నర్ తగిలితే అంకెలు పోతాయి.

బాగా ఆరాక లిథియం గ్రీజు, చపాతీకి నెయ్యి రాసినంత పల్చగా. పళ్ల సందుల్లో కూరకండి, ఎక్కువైతే దుమ్ము పట్టి రుబ్బుడు పిండి అవుతుంది. లాక్ స్క్రూ వచ్చి పట్టుకునేచోట గ్రీజు అసలు రాయొద్దు, జారిపోతుంది.

బిగించాక 7లోని మూడు చెకింగులూ మళ్లీ చేయాలి, విప్పాం కాబట్టి సర్దుబాటు పోయి ఉంటుంది.

బోల్టు మర కొట్టుకుపోయిందా? తల భాగాలు పోతపోసినవి, వెల్డింగ్ జోలికి వెళ్లకండి, పగులుతాయి. బైక్ మెకానిక్‌లు స్పార్క్ ప్లగ్ మర పోతే వేసే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట) ఇక్కడా పనికొస్తుంది, లేదా లేత్ షాపులో ఒక సైజు పెద్ద మర తీయించండి. గోడ మందం చూస్కుని మాత్రమే.

9. రాత్రి టెస్ట్

- ట్యూబ్‌ని ఒకసారి తట్టండి. రెండు సెకన్లలో ఆగితే చాలా బాగున్నట్టు, మూడైనా పర్లేదు.
- 900 ఎంఎం ట్యూబ్‌కి 10 ఎంఎం ఐపీస్ పెడితే 90 రెట్లు. ఒరాయన్ బెల్టులో (వరసగా కనపడే మూడు చుక్కలు) చుక్క ఏదైనా ఒక అంచున పెట్టి వదిలేస్తే రెండు నిమిషాలకి కాస్త అటూ ఇటుగా రెండో అంచుకి చేరుతుంది. ఇది భూమి తిరగడం, మౌంట్ జారడం కాదు. దీనికన్నా చాలా త్వరగా పోతుంటే లాక్ జారుతోందేమో చూడండి.
- ఇప్పుడు ఆర్ఏ నాబ్ ఒక్కటే తిప్పుతూ చుక్కని పది నిమిషాలు వెంబడించండి. డెక్ ముట్టుకోకుండానే చుక్క కనపడుతూ ఉంటే సెట్టింగ్ అయినట్టే. మెల్లగా ఉత్తరానికో దక్షిణానికో జారితే గేర్‌ని అనుమానించకండి, 4కి వెళ్లి దిక్కు, కోణం మళ్లీ చూడండి.

10. మోటార్ ఉన్నవాళ్లకి

9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆర్ఏ మోటార్ ఉంటే ముందు కొత్త బ్యాటరీ వేసి చూడండి. ఎన్-ఎస్ స్విచ్ మనకి ఎన్ మీద ఉండాలి, ఎస్ మీద ఉంటే ఉల్టా తిరిగి చుక్క రెట్టింపు వేగంతో పారిపోతుంది. మోటార్ శబ్దం వస్తున్నా చుక్క ఆగట్లేదంటే మోటార్‌ని వార్మ్ కడ్డీకి కలిపే జాయింట్‌లోని గ్రబ్ స్క్రూ వదులై ఉంటుంది, ఆర్ఏ లాక్ బిగించారో లేదో కూడా చూడండి.

మోటార్‌తో వాడేటప్పుడు మాత్రం బ్యాలెన్స్ అచ్చంగా వద్దు, తూర్పు వైపు ఉన్నది, అది ట్యూబ్ కానీ బరువులు కానీ, ఒక వెంట్రుకవాసి బరువుగా ఉంచండి. అప్పుడు మోటార్ ఎప్పుడూ బరువుని ఎత్తుతూ ఉంటుంది, గేర్ పళ్లు ఒకవైపే ఆని ఉంటాయి, ఆ పావు చుట్టు ఖాళీ ఉన్నా బొమ్మ మీద తెలీదు. స్కోప్‌ని తూర్పు ఆకాశం నుంచి పడమరకి మార్చినప్పుడు అటూ ఇటూ తారుమారవుతాయి, బరువు ఒక సెంటీమీటరు మళ్లీ జరుపుకోవాలి.